రూప్‌సింగ్ చెవి

నాలుగు రోజుల నాగా తర్వాత రూప్‌సింగ్ మొదటి షిఫ్టుకు బొగ్గు బాయి మీదికి వచ్చి, ల్యాంపు రూం ముందు వరుసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ముందుంటే తనతో పనిచేసే మంగయ్య చూస్తాడని. మంగయ్య చూడనే చూశాడు.

"జరం తగ్గిందా తమ్మీ? ద్వాలి చెప్పింది."

ద్వాలి అతని భార్య. తలుపు దగ్గర మొహం పక్కకు తిప్పుకుని ఆ అబద్ధం ఎట్లా ఆడి ఉంటుందో రూప్‌సింగ్‌కు తెలుసు. వచ్చింది జ్వరం కాదు. రెండేళ్ల కిందట నడుముకు దెబ్బ తగిలినప్పుడు బస్టాండు పక్క డాక్టరు నొప్పికని వేసిన సూది, నొప్పి పోయినా అతన్ని వదల్లేదు. మంగయ్య, సారక్క దంపతులే పట్టుబట్టి మాన్పించారు. ఏడు నెలలు ముట్టలేదు. పోయిన వారం మళ్లీ మూడుసార్లు వెళ్లాడు. ఆ తర్వాత ఇంట్లో ముడుచుకుని వణికాడు.

"అవ్ అన్నా" అంటే సరిపోయేది. కానీ వాళ్లది జోడి పని. బొగ్గు పేల్చిన చోట పైబండ కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెడతారు. ముందుగా గడ్డపారతో బండను కొట్టి వినాలి. గట్టిదైతే ఖంగుమంటుంది, విడిపోయినదైతే డొల్లగా పలుకుతుంది. ఇరవై ఏళ్ల పేలుళ్లకు మంగయ్య చెవులు సగం పోయాయి. తెలిస్తే అన్‌ఫిట్ చేస్తారని మేనేజరుకు తెలియనివ్వలేదు. పదేళ్లుగా రూప్‌సింగ్ "గట్టిదే" అంటేనే ఆయన దాని కింద అడుగు పెడతాడు.

రూప్‌సింగ్ ఆయన్ను పక్కకు పిలిచాడు.

"జరం కాదన్నా. మల్ల సూది ఏపిచ్చుకున్న."

"ఏందీ?"

గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. వరుసలో ఉన్న దూలయ్య ఇటు తిరిగాడు.

"పోయిన బేస్తారం సూది మీదనే బండ కొట్టిన. గట్టిదే అన్న. నాకేం తెల్వలేదన్నా అప్పుడు."

తిడతాడనుకున్నాడు. మంగయ్య నెత్తి మీది టోపీ తీసి, లోపలికి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ రోజు తాను ఏ బండ కింద ఎంతసేపు నిలబడిందీ తలుచుకుంటున్నాడని అర్థమై, రూప్‌సింగ్ తల ఎత్తలేకపోయాడు.

"నాకు ముగ్గురు పిల్లలురా," అన్నాడు మంగయ్య చివరికి. "ఈ నెల గడ్డపార దూలయ్య పట్టుకుంటడు. నువ్వు దిమ్మెలు మొయ్యి. పొద్దుమీకి అయిదుకు ఆ డాక్టరు దుకాణం తెరిచే యాళ్లకు నువ్వు మా అరుగు మీదుండాలె."

రోజూ అయిదింటికి సారక్క అతని ముందు చింతపండు గంప పెట్టేది. గింజలు, పీచు తీయాలి. తీసిన ప్రతి గుప్పెడూ ఆమె మళ్లీ చూసేది.

"పీచంతా గట్లనే ఉన్నది మరిదీ. సూది పొడిపిచ్చుకునేటప్పుడు కండ్లు మంచిగనే కనబడ్డయి గదా."

"తప్పయింది వదినా."

"తప్పు సంగతి నేనడిగిన్నా? పీచు తియ్యి."

ఏడింటికి ద్వాలి వచ్చి తీసుకుపోయేది. దారిలో ఏమీ అడిగేది కాదు. అడిగితే బాగుండునని అతనికి ఉండేది.

మూడో వారంలో ఒక సాయంత్రం కాళ్లు బస్టాండు వైపు నడిచాయి. హోటల్ బెంచీ మీద చాయ్ తాగుతున్న దూలయ్య గ్లాసు కింద పెట్టి లేచాడు. ఎక్కడికని అడగలేదు. సారక్క అరుగు దాకా పక్కనే నడిచాడు.

"సగం చాయ్ ఇడిచిపెట్టి వచ్చిన నీ కోసం. రేపు నువ్వే తాపియ్యాలె," అని వెనుదిరిగాడు. రూప్‌సింగ్ గంప ముందు కూర్చున్నాడు. ఆ రోజు సారక్క గింజల వైపు చూడలేదు, గంపకు అటువైపు కూర్చుని తానూ పీచు తీసింది.

నెల నిండిన మర్నాడు బాయిలో మంగయ్య గడ్డపార అతని చేతికిచ్చాడు. దూలయ్య పక్కనే ఉన్నాడు. రూప్‌సింగ్ పైబండను ఒకసారి కొట్టాడు. జరిగి మళ్లీ కొట్టాడు. ఖంగుమన్నట్టే ఉంది, దాని అడుగున ఇంకేదో సన్నగా గరగరలాడినట్టూ ఉంది. అది బండలోనా, తన తలలోనా?

మంగయ్య చూస్తున్నాడు. "గట్టిదే" అన్న పాత మాట ఒక్కటి అంటే చాలు, పాత మనిషి అయిపోతాడు.

"తెలుస్తలేదన్నా," అన్నాడు, నేల చూస్తూ.

పదేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"అయితే ఎనక్కి రా," అన్నాడు మంగయ్య. "ఆధారమున్న కాడి నుంచి దిమ్మెలు పెట్టుకుంట లోపలికి పోదాం. రేపు మల్ల కొడుదువు."

రూప్‌సింగ్ గడ్డపార గోడకు ఆనించి దిమ్మె కోసం వంగాడు. రెండో కొసను దూలయ్య అప్పటికే ఎత్తాడు.