చెడగొట్టిన వరుస

చెడగొట్టాలంటే మట్టిరంగు సరిపోదు, మట్టిరంగును కూడా ఎవరో ఒకరు బాగుందనే అంటారు, అసలు మెచ్చుకోవడానికి మనుషులు ఇంతగా ఎందుకు కాచుకుని కూర్చుంటారో అనుకుంది లొవీనా. గొడుగు కమ్మిని అరగదీసి చేసుకున్న సూది ఆమె పళ్ళ మధ్య ఉంది. ఒడిలో సగం అల్లిన బిలుం సంచి. ముదురు నీలం మీద తెల్లటి కొండ కొసలు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నిలబడినట్టున్నాయి. బాగుంది. అదే వచ్చిన చిక్కు.

ఎవరైనా బిలుం చూసి బాగుందంటే, లోపలున్న చిలగడదుంపలు కింద కుమ్మరించి, ఖాళీ సంచి వాళ్ళ మెడలో వేయాలి. అది మర్యాద. నవ్వుతూ వేయడం ఇంకా పెద్ద మర్యాద. లొవీనా పెళ్ళయిన నాటి నుంచీ నవ్వుతూనే ఉంది. తమ్ముడి పెళ్ళాం మెడలో, పాస్టరు మెడలో, టీకాలు వేయడానికి వచ్చిన నర్సు మెడలో, ఎవరో దారిన పోయే మనిషి మెడలో వేసింది. ఆడపడుచుకైతే వచ్చినప్పుడల్లా ఒకటి. చివరికి గొరోకా ఊరి సంత కంచె వెంట కూర్చుని అల్లే ఆడవాళ్ళందరిలో చెయ్యి తిరిగిన మనిషి కూరగాయలు మోసుకెళ్ళేది ప్లాస్టిక్ బియ్యం గోతంలో.

ఇది మాత్రం తనకోసం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదనుకుంది, పక్కన కూర్చునే కెమా రోజూ ఓరగా చూడడం గమనించేవరకూ. కెమా కళ్ళతో సగం మెచ్చుకోవడం అయిపోయింది. ఇక నోరు విప్పడమే మిగిలింది.

అందుకని లొవీనా కొట్టు అడుగున పడున్న పచ్చనూలు తెచ్చుకుంది. చీము కారే పుండు రంగు అది. ఎన్నేళ్ళుగానో ఎవరూ కొనలేదు. నూలు పోగులు విడదీసి, తొడ మీద పేని, తెల్లటి కొండల నడుమ ఆ పచ్చవరుస అల్లడం మొదలుపెట్టింది. వరుస మధ్యలో కావాలని కొన్ని ఉచ్చులు దాటేయాలనీ, కొండ కొసలు విరిగి పక్కకు జారాలనీ ఆమె ఎత్తు.

చెయ్యి ఒప్పుకోలేదు. తప్పించమన్న చోట దానంతట అదే సరిచేసుకుపోయింది. తనలోనే ఇంకొకరెవరో కూర్చుని, యజమాని మాట వినని పనిమనిషిలా, పని సరిగ్గానే చేస్తానని మొండికేస్తున్నట్టనిపించింది. పళ్ళు బిగించి, ఒక్కో ఉచ్చూ లెక్కపెట్టుకుని తప్పు చేయాల్సి వచ్చింది. ఇంత శ్రద్ధగా ఆమె ఏ సంచీ అల్లలేదు.

ఇక అది ఊడదు కూడా. పట్నం ఆవిడ వచ్చి నేర్పిన కొక్కెం అల్లికైతే కొస పట్టి లాగితే సంచి మొత్తం జరజరా విడిపోతుంది. బిలుం అలా కాదు. ప్రతి ఉచ్చులోంచీ దారం మొత్తం దూరి వస్తుంది. పడ్డ తప్పు పడ్డట్టే ఉంటుంది.

పూర్తయిన బిలుం నిండా దుంపలు వేసుకుని, పట్టె నుదుటికి తగిలించుకుని, దర్జాగా సంతకు వెళ్ళింది. కెమా చూసింది. చాలాసేపు చూసింది.

"ఇదేంటక్కా?"

"నిద్రమత్తులో తప్పు పోయింది లేవే."

"తప్పా! నీకా!" కెమా అవతల కూర్చున్న డోరిస్ వైపు తిరిగింది. "విన్నావా? తప్పు పోయిందట!"

డోరిస్ నోట్లోని వక్క రసం పక్కకు ఉమ్మి నవ్వింది. "తప్పులు పోయేది మనకు. ఈవిడకు పోతుందా? చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనని అనొచ్చుగా, దొంగముండ."

"నిజంగానే తప్పే."

"సరేలే అక్కా, తప్పే. ఆ తప్పు ఎక్కడ మొదలవుతుందో కాస్త ఇటు తిప్పి చూపించు."

వారం తిరిగేసరికి కంచె పొడవునా ఆ పచ్చవరుసే. దానికి పేరు కూడా పెట్టారు: విరిగిన రోడ్డు. లేయ్ పట్నానికి పోయే, వానలకు కొట్టుకుపోయే రోడ్డు సరిగ్గా అలాగే ఉంటుందని డోరిస్ కనిపెట్టింది. కొట్టులో పచ్చనూలు అయిపోయింది. లొవీనా బిలుం ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరి మెడలో వాళ్ళకు ఒకటి ఉండగా అడగాల్సిన అవసరమేముంది? ఆమె కోరుకున్నదే జరిగింది. సంచి తనకే మిగిలింది. నుదుటి మీద పట్టె ఆనించుకుని నడుస్తుంటే మాత్రం అది ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉండేది.

అప్పుడు దిగింది ఆడపడుచు, లేయ్ బస్సులో, వక్కల బస్తాతో. అత్తింటి మనిషి కాబట్టి ఆమె పేరు లొవీనా నోట పలకకూడదు. పలకాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. ఆవిడ బస్తా అమ్ముకుని, సాయంత్రం బస్సుకు ముందు మరదలి పక్కన చతికిలబడింది. బిలుం మీద కన్ను పడింది. అలవాటు కొద్దీ లొవీనా పెదవులు నవ్వుకు సిద్ధమయ్యాయి.

"ఏంటే మరదలా ఇది? పంది కక్కినట్టుంది."

"అయ్యో, అది విరిగిన రోడ్డమ్మా!" అంది కెమా. "ఇక్కడందరం అదే అల్లుతున్నాం."

"అందరూ గుడ్డివాళ్ళయితే నేనేం చేసేది?" ఆవిడ సంచిని దగ్గరకు లాక్కుని, సున్నం అంటిన వేలితో పచ్చవరుస తడిమింది. "ఇదుగో, కింద అల్లిన చెయ్యి వేరు. హాయిగా పోయింది. ఇక్కడికొచ్చేసరికి చూడు, ఎంత బిగించిందో. తప్పు ఇంత బిగువుగా పడదు." తల ఎత్తి లొవీనా ముఖంలోకి చూసింది. "ఎవరి మీదే ఈ కోపం?"

సంత గోలంతా ఎక్కడికో వెనక్కి జరిగినట్టయింది. ఇన్నేళ్ళలో పది చేతులు తన సంచులు తీసుకున్నాయి, ఒక్కటైనా ఇలా తడమలేదని లొవీనాకు తోచింది. ఈ మనిషికి నేనంటే ఇష్టం లేదు, నాకూ ఆవిడంటే ఇష్టం లేదు, మరి నన్ను ఇంతగా ఎలా చదివింది, అనుకుంది. ఇష్టం లేని వాళ్ళే జాగ్రత్తగా చూస్తారేమో.

"నా మీదే కాబోలు," అంది ఆడపడుచు, జవాబు కోసం ఆగకుండా. "సరే, ఇది మాత్రం నా మెడలో వేసేవు సుమా. నాకొద్దు ఇలాంటిది. లేయ్‌లో నవ్వుతారు."

హమ్మయ్య, అనుకోవాలి లొవీనా. బిలుం ఇక ఖాయంగా తనదే. బస్సు హారన్ కొట్టింది. ఆడపడుచు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మూలుగుతూ లేచింది.

"వదినా, ఆగు," అంది లొవీనా. దుంపలు నేల మీద కుమ్మరించింది. ఖాళీ సంచి దులిపి, ఈసారి నవ్వకుండా, ఆమె మెడలో వేసింది.