తాడు కట్టిన ఇల్లు

పొద్దున్నే డ్రైవరు తలుపు తీసేసరికి గేటు ముందు ఇల్లొకటి వచ్చి నిలబడి ఉంది. అతనికున్న మూడు అద్దె ఇళ్లలో అది పెద్దది, రోజువారీ అద్దెకిచ్చేది. కిటికీలోంచి ఎవరో కొత్త మనిషి, నోట్లో బ్రష్షుతో, బయటికి చూస్తున్నాడు.

"బాత్రూంలో నీళ్లు పోవట్లేదండీ," అన్నాడు.

"వస్తున్నా," అని డ్రైవరు చేతిలోని గాలం కర్రను తలుపు మూలన పెట్టేసి, పనిముట్ల సంచి తీసుకున్నాడు.

ఆ ఊళ్లో అద్దె ఇళ్ల తీరే అంత. ఏదైనా చెడిపోతే ఇల్లే లేచి ఓనరు దగ్గరికి వస్తుంది. బాగుచేయించుకుని తన చోటికి తాను వెళ్లిపోతుంది. ఎండకు అడ్డంగా నిలబడితే బట్టలు ఆరవని ఎదురింటివాళ్లు కాస్త సణుగుతారు, అంతే.

బస్సు నడిపినన్నాళ్లూ డ్రైవరుకు ఒకటే కోరిక. రోజూ వంతెన మీంచి పోతూ, కింద ఏటి ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నవాళ్లను చూసేవాడు. ఎప్పటికైనా తనూ అలా కూర్చోవాలనుకునేవాడు. మోకాళ్లు అరిగి ఉద్యోగం మానేసినప్పుడు అక్క సలహా చెప్పింది.

"ఇళ్లు కొనరా. అద్దె నీ గుమ్మంలోకే వస్తుంది. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో."

చేతికొచ్చిన డబ్బంతా పెట్టి మూడిళ్లు కొన్నాడు. రోజువారీ అద్దెకిచ్చినదానిలో రాబడి బాగుండేది. రెండోది గదికొకరు చొప్పున, ఆస్పత్రిలో షిఫ్టులు చేసే అమ్మాయిలకిచ్చాడు. మూడోది, అన్నిటికన్నా చిన్నది, కుట్టు మిషన్లు బాగుచేసే ఆవిడకిచ్చాడు. అందరూ ఆమెను మిషన్లావిడ అనేవాళ్లు.

అద్దె గుమ్మంలోకి వచ్చిన మాట నిజమే. దాంతోపాటు ఇళ్లూ వచ్చాయి. రోజువారీ ఇల్లు పాలవాడికన్నా క్రమం తప్పకుండా వచ్చేది. అమ్మాయిల ఇంటికి వేళాపాళా ఉండేది కాదు. ఒక్కోసారి రెండూ ఒకేసారి వచ్చి గేటు దగ్గర తోసుకునేవి. ఏటి ఒడ్డు సంగతి దేవుడెరుగు, డ్రైవరు టీ వేడిగా తాగి ఎన్నాళ్లయిందో.

మూడో ఇల్లు మాత్రం ఒక్కసారీ రాలేదు. మొదట్లో అతను పోనీలే అని సంబరపడ్డాడు. రానురాను మనసులో ఏదో పీకడం మొదలైంది.

"ఇల్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు రాకుండా ఉంటుందా అక్కా?"

"నన్నడిగితే ఏం తెలుస్తుంది? వెళ్లి చూడు," అంది అక్క, అమ్మాయిల ఇంటి కిటికీలోంచి లోపలికి చక్కెర డబ్బా అందిస్తూ. ఆమెది పక్క సందే. ఒక్కతే ఉంటుంది. తమ్ముడి గేటు దగ్గర ఇల్లు కనబడితే చాలు, కొంగు దోపుకుని వచ్చేసేది.

డ్రైవరు వెళ్లాడు. వీధి చివర ఇల్లు ఒక పక్కకు ఒరిగి ఉంది. వరండా స్తంభం నుంచి కరెంటు స్తంభానికి లావుపాటి తాడు బిగించి కట్టి ఉంది. అది ఒరుసుకుని వరండా స్తంభం కొయ్యలో లోతుగా గాటు పడింది. మిషన్లావిడ వరండాలో పాత మిషనొకటి విప్పదీసి కూర్చుంది.

"ఈ తాడేమిటండీ?"

ఆమె చేతుల నూనె నెమ్మదిగా గుడ్డకు తుడుచుకుంది. "మీ దగ్గరికి రాకుండా కట్టాను."

"ఎందుకు?"

"ఇదివరకు నేనున్న ఇల్లు అయినదానికీ కానిదానికీ ఓనరు దగ్గరికి పరిగెత్తేది. వెళ్లినప్పుడల్లా ఆయన అద్దె పెంచాడు. చివరికి ఖాళీ చెయ్యమన్నాడు. అందుకే ఇక్కడ అన్నీ నేనే చూసుకుంటున్నాను. కుళాయి మార్చాను, పెంకులు సర్దాను. గోడ ఒక్కటే నా వల్ల కాలేదు."

లోపల పడకగది గోడ చెమ్మకు ఉబ్బి, చెయ్యి దూరేంత పగిలి ఉంది. ఆమె మంచం ముందుగదిలోకి లాక్కుని మిషన్ల మధ్య పడుకుంటోంది. డ్రైవరు గోడ మీద చెయ్యి వేశాడు. అరచేతి కింద గోడ సన్నగా వణికింది.

"ఇది మీద పడితే?"

"పడదు. నేను ఇంట్లో ఉన్నంతసేపూ బిగబట్టుకునే ఉంటుంది పాపం."

అతను వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. "రావట్లేదు కాబట్టి బాగానే ఉందనుకున్నాను. తప్పు నాదే. అద్దె పెంచను. మీకు ఉండాలనిపించినన్నాళ్లు ఉండండి, అగ్రిమెంటులో అలాగే రాయిస్తాను. ఈ తాడొక్కటి విప్పేద్దాం."

ఆమె అతని మొహంలోకి చూసి, తాడు దగ్గరికి నడిచింది. ముడి బిగుసుకుపోయింది. చెరో వైపు నుంచి లాగితే గానీ రాలేదు. తాడు జారగానే ఇల్లు ఊపిరి వదిలినట్టు కాస్త కుంగి, కుంటుకుంటూ అతని వెనకే నడిచింది.

గోడ పూర్తిగా కట్టేదాకా ఆ ఇల్లు అతని గేటు దగ్గరే ఉండిపోయింది. అన్నాళ్లూ మిగతా రెండిళ్ల సంగతీ అక్కే చూసింది. ప్లంబరును కేకలేసింది, ఊరుకాని ఊరొచ్చినవాళ్లకు దారులు చెప్పింది, డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయిలను కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకుంది. ఆమె అంత గట్టిగా నవ్వడం డ్రైవరు ఎన్నో ఏళ్లుగా వినలేదు.

"అక్కా, ఆ రెండిళ్లూ నువ్వే తీసుకో. వాటి ఖరీదు వచ్చే అద్దెలోంచి నిదానంగా ఇద్దువుగాని."

"రాబడి ఉన్నవి నాకిచ్చేసి, ఆ చిన్నదాంతో ఎలా బతుకుతావురా?"

"ఒంటిగాడికి ఎంత కావాలి? నీకు మనుషులు కావాలి, నాకు ఏరు కావాలి. సలహా మంచిదే. మనిషే తప్పు."

"నా నెత్తిన పడేస్తున్నావన్నమాట," అంది అక్క. కానీ మర్నాటికే తన గేటు వెడల్పు చేయించడానికి మనిషిని పిలిచింది.

గోడ ఆరాక మూడో ఇల్లు తన వీధికి వెళ్లిపోయింది. డ్రైవరు రోజూ ఏటికి వెళ్లాడు. చేపలు పడ్డ రోజులు తక్కువే. అయినా ఇంటికొచ్చి చారెడు బియ్యం పొయ్యి మీద పెట్టి, ఈల వేసుకునేవాడు.

ఒక సాయంత్రం వెనక నేల దడదడమంది. చిన్న ఇల్లు పొదలు తప్పించుకుంటూ ఒడ్డు దిగి వచ్చి అతని పక్కన ఆగింది. డ్రైవరు మోకాళ్లు పట్టుకుని గబగబా లేచాడు.

"ఏమైంది?"

మిషన్లావిడ మోచేతులు కిటికీ మీద ఆనించి బయటికి వంగి ఉంది. జడ కొత్తగా వేసుకుంది.

"కిటికీ తెరుచుకోవట్లేదండీ," అంది.

డ్రైవరు బార్లా తెరిచి ఉన్న రెక్కల వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు.

"చూస్తాను," అన్నాడు. "కాస్త టైం పడుతుంది మరి."

"పట్టనివ్వండి," అందామె.