టీచరు చూసిన సముద్రం

స్లోవేనియాలోకెల్లా ఎత్తయిన ట్రిగ్లావ్ శిఖరం మీద నిలబడితే సముద్రం కనిపిస్తుందని మిలోయ్కా టీచరు ముప్పై రెండేళ్లపాటు ఆరో తరగతి పిల్లలకు చెప్పింది. "నా కళ్లతో చూశాను" అని బోర్డు మీద దక్షిణం వైపు ఒక సన్నటి గీత గీసి మరీ చూపించేది. అంతా బాగానే ఉంది గాని, ఆవిడ ఆ కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఆ కొండ ఎక్కనివాడు స్లోవేనియావాడే కాదంటారు అక్కడ. ఉద్యోగంలో చేరిన రోజే ఒక పిల్ల లేచి "మీరెక్కారా టీచర్?" అని అడిగింది. లేదనడానికి నోరు రాక ఎక్కానంది. ఆ అబద్ధం నిలబడాలంటే ఇంకొకటి కావాలి కదా, అందుకని సముద్రాన్ని తెచ్చి తగిలించింది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుంటే అదే ప్రశ్న తొలుస్తోంది. నిజంగా కనిపిస్తుందా? పుస్తకంలో రాశారు సరే, ఆ రాసినవాడు మాత్రం ఎక్కాడని ఏమిటి నమ్మకం?

చివరికి పాత శిష్యుడు తిలెన్‌కు ఫోన్ చేసింది. అతనిప్పుడు జనాన్ని కొండలెక్కించే గైడు. "మళ్లీ ఒకసారి ఎక్కాలని ఉందిరా" అంది. ఆ 'మళ్లీ' కూడా అబద్ధమే.

రాత్రి కొండమీది బసలో బార్లీ గంజి తాగి పడుకుని, తెల్లవారుతూనే బయల్దేరారు. రాతిలోకి దిగ్గొట్టిన ఇనుప మేకులు, వాటి మధ్య తీగతాళ్లు. టీచరు ఒక్కో మేకునూ పట్టుకుని ఊపి చూసి గాని కాలు ముందుకు వేయడం లేదు.

"అవి ఊడవు టీచర్. మీరు వచ్చినప్పుడూ ఇవే ఉండుంటాయిగా?"

"ఉన్నాయి, ఉన్నాయి. కాస్త కొత్తగా ఉండేవి."

సన్నటి గట్టు మీద అటూ ఇటూ లోయలు. టీచరుకు భయమూ ఆత్రమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఒరే, ఇక్కణ్ణించి కనిపిస్తుందా?"

"ఏది?"

"అదేరా, సముద్రం."

"మీరే చెప్పాలి. నాకు చెప్పింది మీరేగా!"

శిఖరం మీద సందడిగా ఉంది. అక్కడి ఆనవాయితీ ప్రకారం మొదటిసారి ఎక్కినవాళ్లను వంగోబెట్టి, వీపు కింద తాడుతో తలా మూడు దెబ్బలు వేస్తున్నారు. దెబ్బలు తిన్నవాళ్లు నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. తాడు పట్టుకున్న పెద్దాయన మిలోయ్కాను చూసి "అమ్మా, మీకూ మొదటిసారేనా?" అని అడిగాడు.

పక్కనే తిలెన్. ముప్పై రెండేళ్ల పరువు ఒక్క మాటలో ఉంది. టీచరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుంది.

"మొదటిసారే" అంది.

తిలెన్ మొహం పాలిపోయింది. "మరి... సముద్రం?"

"చదివిందేరా. చూడలేదు. నీకు అబద్ధం చెప్పాను, క్షమించు" అని వంగింది.

మూడు దెబ్బలూ తిని లేచేసరికి తిలెన్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"నేను మొదటిసారి ఎక్కినప్పుడు అంతా మబ్బు, టీచర్. ఏమీ కనిపించలేదు. కానీ కిందికొచ్చి అందరికీ చూశాననే చెప్పాను. మీకు కనిపించింది నాకు కనిపించలేదంటే సిగ్గేసింది. నిజంగా చూసేదాకా వదలకూడదని ఎక్కుతూనే ఉన్నాను. ఏడోసారికి కనిపించింది."

"అందుకేనా గైడువయ్యావు?"

"అందుకే."

టీచరు అతని భుజం పట్టుకుని దక్షిణం వైపు తిరిగింది. కొండలన్నీ దాటాక, ఆకాశం అంచున సన్నగా తెల్లటి గీత ఒకటి మెరుస్తోంది. బోర్డు మీద తను గీసినదానికంటే చాలా చిన్నది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"ఉందిరా" అంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, పెద్దాయన వైపు చెయ్యి చాపింది. "అయ్యా, ఆ తాడు ఒకసారి ఇలా ఇవ్వండి. ఒరే తిలెన్, అబద్ధం చెప్పావుగా, నువ్వూ వంగు."