వెర్లీన్‌ని నిలబెడితే

ఏ గోడౌన్‌కి వెళ్ళినా వెర్లీన్ టాట్మన్ ముందు గేటు దగ్గరి గడియారాన్ని ఫొటో తీస్తుంది. గడియారం ఒక్కటే చాలదు, దాని కింద వాచ్‌మన్ మొహం కూడా పడాలి. ఆ ఫొటో లోడ్లు కుదిర్చే బ్రోకర్‌కి పంపి, లారీని చెప్పిన చోట వెనక్కి ఆనించి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని కూర్చుంటుంది. సరుకు ఎక్కించడానికైనా దించడానికైనా మొదటి రెండు గంటలూ వాళ్ళకి ఉచితం. ఆపైన ఊరికే నిలబెట్టిన ప్రతి గంటకీ డ్రైవరుకి డబ్బివ్వాలి. దాన్ని డిటెన్షన్ అంటారు. కాగితం మీద కనిపిస్తుంది గానీ చేతికి రావడమే గగనం.

లారీ ఆమె సొంతమే. అంటే పేరు ఆమెది, లారీ బ్యాంకుది. డీజిలు, టైర్లు, వాయిదా అన్నీ ఆమె నెత్తినే. చక్రం తిరిగితేనే డబ్బు.

రెండు గంటలు దాటాక వెర్లీన్‌కి చిరాకు మొదలవుతుంది. చిరాకు ముదిరితే వాన మొదలవుతుంది. లారీ చుట్టూ పదెకరాల మేర, చిక్కగా, సన్నగా, ఆమె చిరాకు ఉన్నంతసేపూ. వాళ్ళమ్మకీ అంతే. వాళ్ళ ఊరు పైన్ బ్లఫ్‌లో ఏ ఆఫీసు వరసలోనైనా ఆవిణ్ణి నిలబెడితే గది లోపలే కురిసేది. గుమస్తాలు ఫైళ్ళు సొరుగుల్లోకి తోసేసి, ముందు ఆవిణ్ణి పిలిచేవాళ్ళు. కూతురి కాలానికి వచ్చేసరికి అన్నీ కంప్యూటర్లలోకి వెళ్ళాయి. తడుస్తుందన్న భయం ఎవరికీ లేకుండా పోయింది.

"అప్పుడే రెండు గంటలైపోయిందా మిస్ వెర్లీన్?" అన్నాడు డాలస్ గోడౌన్ వాచ్‌మన్, కుర్చీ లోపలికి లాక్కుంటూ. "ముందే ఒక మాటంటే కారు అద్దాలు ఎత్తుకునేవాణ్ణిగా."

"మీవాళ్ళు టైముకి సరుకు దించుంటే నీ కారు తడిసేదా?"

"అదేదో లోపలివాళ్ళకి చెప్పండి. నాకేం, నేను గేటు తీసేవాణ్ణి."

లోపలివాళ్ళు పొద్దున వచ్చిన మనిషిని పొద్దు వాలేదాకా నిలబెట్టారు. వారం తిరక్కుండానే షికాగో నుంచి బ్రైస్ ఫోన్ చేశాడు. బ్రైస్ ఆమె బ్రోకర్. ముప్పై కూడా నిండని కుర్రాడు, మాట మెత్తన, లారీ ఎక్కిన పాపాన పోలేదు.

"మేడమ్, డాలస్‌వాళ్ళు డిటెన్షన్ కుదరదంటున్నారు."

"ఎందుకట?"

"వాన వల్ల ఆలస్యమైందట. వాతావరణం వల్ల ఆలస్యమైతే ఇవ్వక్కర్లేదని ఒప్పందంలో ఉంది."

"వాళ్ళు ఆలస్యం చేస్తేనే కదయ్యా వాన పడింది."

"అదీ నిజమే మేడమ్. కానీ ఫారంలో వాన అని రాయడానికి గడి ఉంది. ఎందుకు పడిందో రాయడానికి గడి లేదు."

అప్పుడామె పెట్రోలు బంకులో ఉంది. పక్క లారీవాడు మాట్లాడకుండా వైపర్లు వేసుకున్నాడు.

"ఇంకో లోడు ఉంది మేడమ్," అన్నాడు బ్రైస్. "టెక్సాస్ దక్షిణ కొస, నది దగ్గర. క్యాబేజీ. పేరు పెట్టి మరీ మీరే కావాలన్నారు."

ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. వాయిదా నెత్తిమీదికొచ్చింది గనక సరేనంది.

యూసేబియో కాంతు షెడ్డు మట్టి రోడ్డు చివర ఉంది. గేటూ లేదు, గడియారమూ లేదు. డెబ్భై ఏళ్ళ మనిషి టోపీ చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు.

"అమ్మా, ముందే చెప్పేస్తున్నా. బెల్టు తెగింది. క్యాబేజీ పెట్టెలు కదలవు. మెకానిక్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది."

"అంటే నన్ను నిలబెడతారు."

"బెల్టు నిజంగానే తెగింది, ఒట్టు. కానీ తెగినందుకు నేనేం ఏడవలేదు." షెడ్డు పక్కన చేను చూపించాడు. వేలెడెత్తు ఉల్లి మొలకలు, కొసలు పసుపెక్కి తలలు వాల్చేశాయి. కాలవకి నీళ్ళు ఆపేసి రెండో ఏడు. క్యాబేజీ పక్క రైతుది, అతనికి బోరుంది. "మీ సంగతి డ్రైవర్లు చెప్పారు. ఒక్క తడి తగిలితే ఈ పైరు నిలబడుతుంది. లేదా, రేపు సోలార్ కంపెనీవాళ్ళు సంతకాలకి వస్తారు. భూమంతా అద్దాలు పరుస్తారట."

వెర్లీన్ నడుము మీద చెయ్యి వేసుకుని చేను వంక చూసింది. "నన్ను నిలబెట్టడానికి పిలిపించినవాణ్ణి మిమ్మల్నే చూశాను పెద్దాయనా."

"ఊరికే కాదమ్మా." జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. పొద్దుగూకేదాకా నిలబెట్టినా సరిపోయే డిటెన్షన్, ముందుగానే.

ఇన్నేళ్ళ లారీ బతుకులో అడక్కుండా డిటెన్షన్ ఇచ్చినవాడు ఆమెకి తగల్లేదు. అక్కడే చెడింది. ఆయన భార్య ఒఫీలియా నీడలో కుర్చీ వేసింది. వేడి వేడి రొట్టెల్లో గుడ్డూ చిక్కుళ్ళూ చుట్టి పెట్టింది. వెర్లీన్ కాళ్ళు చాపుకుంది. రెండు గంటలు దాటాయి, మూడూ దాటాయి. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

యూసేబియో రెండుసార్లు వచ్చి పైకి చూసి వెళ్ళాడు. మూడోసారి నోరు విప్పాడు.

"ఏమైనా చిరాగ్గా ఉందామ్మా?"

"లేదండీ. హాయిగా ఉంది."

"కాఫీ బాలేదేమో."

"బ్రహ్మాండంగా ఉంది."

ఒఫీలియా మొగుణ్ణి పక్కకి లాగింది. "నువ్వేదైనా ఒక మాట అను. నోటికొచ్చినట్టు తిట్టు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీ లారీ... కొంచెం మురిగ్గా ఉంది," అన్నాడు. వెంటనే, "దూరం నుంచి వచ్చారు, మరి ఉండదూ," అన్నాడు.

వెర్లీన్‌కి నవ్వొచ్చింది, ఆ వెనకే దిగులూ వచ్చింది. చిరాకు తెచ్చుకోవాలని చూసింది. డాలస్‌ని తలుచుకుంది, విడిపోయిన మొగుణ్ణి తలుచుకుంది. కడుపు నిండా తిన్నాక, డబ్బు ముట్టాక, కోపం ఎక్కణ్ణించి వస్తుంది? "మీరు మంచివాళ్ళై మీ కొంప మీరే ముంచుకుంటున్నారు," అంది. తనూ ఏమీ చెయ్యలేక పైకి చూసింది.

అప్పుడు బ్రైస్ ఫోన్ చేశాడు.

"మేడమ్, డాలస్ సంగతి. మీరు పంపిన ఫొటోలో గడియారం నాలుగు నిమిషాలు ముందుందట. అందుకని గేటు దాటిన టైము లెక్కలోకి రాదంటున్నారు."

"మొన్న వాన అన్నావు."

"వానా ఉంది మేడమ్. ఇది అదనంగా."

చేను మీద నీడ పడింది. ఒఫీలియా చేతిలో కప్పు ఆగిపోయింది.

"ఆ గడియారం వాళ్ళది బ్రైస్. వాళ్ళ గోడకి వాళ్ళు కొట్టుకున్నది."

"అందుకే మేడమ్, అది తప్పని వాళ్ళకి ఖాయంగా తెలుసు."

చినుకు పడింది. తరవాత చిక్కగా, సన్నగా, షెడ్డు రేకుల మీద, మొలకల మీద, ఎర్రటి మట్టి మీద పట్టుకుంది. యూసేబియో టోపీ పెట్టుకోవడం మర్చిపోయి సాళ్ళలోకి నడిచాడు.

ఆమె గొంతు విని బ్రైస్ కంగారు పడ్డట్టున్నాడు. "ఒక్క నిమిషం మేడమ్. మా మేనేజర్ ఇక్కడే ఉన్నారు. మీరు సరేనంటే మొత్తంలో సగం ఇప్పుడే వేయించేస్తాను. ఆయన వెళ్ళిపోతే మళ్ళీ కుదరదు."

సగం అంటే ఈ నెల వాయిదా గట్టెక్కినట్టే. ఆ మాట వినగానే ఆమె భుజాలు సడలాయి. రేకుల మీద చప్పుడు పలచబడింది. చేలో ముసలాయన ఆగి, వెనక్కి తిరిగి, లారీ వైపు చూశాడు. మట్టి పైపొర మాత్రమే తడిసింది. వేళ్ళదాకా ఇంకా చాలా ఉంది.

వెర్లీన్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"సగం నాకొద్దు బ్రైస్. ఎందుకివ్వరో చెప్పు. ఒప్పందం ముందర పెట్టుకుని మొదటి నుంచీ చదువు."

"మొత్తమా మేడమ్? నలభై పేజీలుంది."

"నాకేం పని లేదు. నన్ను నిలబెట్టారు."

బ్రైస్ చదవడం మొదలెట్టాడు. మధ్యలో మేనేజర్ సంచి సర్దుకుని వెళ్ళిపోయాడని చెప్పాడు. ఆమె పళ్ళు నూరింది, వాన జోరందుకుంది. వాతావరణం అనే మాటకి అర్థం దగ్గర ఆపి, మూడుసార్లు చదివించింది. మెకానిక్ తడిసి ముద్దై వచ్చి బెల్టు వేసి వెళ్ళాడు. పెట్టెలు లారీలోకి ఎక్కడం మొదలయ్యాయి. ఆమె మాత్రం కదలకుండా విన్నది. విన్నకొద్దీ ఒళ్ళు మండింది. సాళ్ళలో నీళ్ళు నిలిచాయి.

బ్రైస్ గొంతు పోయాక ఫోను పెట్టేసింది. "సోమవారం మళ్ళీ చేస్తా," అంది. ఆ డబ్బు ఇక రాదని ఆమెకి తెలుసు.

షెడ్డులో యూసేబియో మోకాళ్ళదాకా బురదతో నిలబడి సోలార్ కంపెనీకి ఫోన్ చేస్తున్నాడు.

"రేపు రావద్దండీ," అంటున్నాడు. "దారంతా బురద. మీ కారు దిగబడుతుంది." అవతలివాళ్ళు మరెప్పుడని అడిగినట్టున్నారు. ఆయన చేను వంక చూసి కాస్త ఆలోచించాడు.

"ఉల్లి తవ్వేటప్పుడు రండి. తలా ఒక బస్తా ఇచ్చి పంపిస్తాను."