దించమనే గొంతు

మా ఊరి వస్తాదుని అందరం క్రేను అనేవాళ్లం. వాడు బరువెత్తితే నేల బెత్తెడు కుంగేదంటే మీరు నమ్మరు. పోటీలో వాడు నా లారీని నడుముకి తాడు కట్టుకుని లాగినప్పుడు స్టీరింగు ముందు ఉన్నది నేనే. ఆ లాగుడికి బండి అవతలి ఊళ్లో ఆగింది. తిరిగొచ్చేసరికి డీజిలంతా అయిపోయింది. వాణ్ని చూస్తే కోళ్లు గుడ్లు దాచుకుని అటకెక్కేవి.

ఎన్ని కప్పులు గెలిచినా వాడికి అన్న మాటే మాట. పోటీలో రాయెత్తాక దించమని కేక వినపడేదాకా దించకూడదు. ముందే దించితే ఆ ఎత్తు లెక్కలోకి రాదు. ఇంటి వెనక షెడ్డులో ఆ కేక అన్నే వేసేవాడు. ఓసారి నాతో కబుర్లలో పడి మరిచిపోయాడు. వదిన వచ్చి అరిచింది.

"ఏమండీ, మీ తమ్ముడింకా రాయెత్తుకునే ఉన్నాడు! అన్నం చల్లారిపోతోంది!"

ఆ అన్న గుండె ఆగి చనిపోయాడు.

క్రేను ఏడవలేదు. కూర్చోమంటే కూర్చున్నాడు. పొగలు కక్కే టీ ఇస్తే ఒక్క గుక్కలో మింగి, ఖాళీ గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

శవపేటికని నలుగురం మోశాం. ముగ్గురం ఊరికే చెయ్యేశాం, బరువంతా వాడిదే. గోతి దగ్గర మేం వంగాం. వాడు వంగలేదు. పేటిక ఒరిగిపోతుంటే వదిలేశాం. వాడొక్కడే దాన్ని రాయిలా గుండెకి అదుముకుని నిలబడ్డాడు. ఇది మాత్రం కోతలు కొయ్యడం కాదు.

"దించు బాబూ," అన్నాడు గొయ్యి తవ్వినాయన.

"దించరా క్రేనూ, చేతులు పడిపోతాయి," అన్నాను.

"అన్న ఇంకా చెప్పలేదు," అన్నాడు, నా వైపు చూడకుండానే.

వాడి కాళ్ల కింద గోతి అంచు మట్టి జారుతోంది. మొహంలో మాత్రం ఏమీ లేదు. ఇంకాసేపైతే అన్నతో పాటు వాడూ గోతిలో పడేలా ఉన్నాడు.

వదిన మమ్మల్ని తోసుకుంటూ వచ్చింది. షెడ్డులో అన్న నిలబడే తీరులోనే, ఎదురుగా, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"దించరా. లెక్కలోకొచ్చింది."

చప్పుడు కాకుండా దించాడు.

"ఇంకేమైనా ఎత్తాలా వదినా?"

"ఏం లేదు నాన్నా. ఇంటికి పోదాం."

లారీలో నా పక్కన కూర్చున్నాడు. చేతులింకా పేటిక పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. వాడివైపు తలుపు నేనే వేశాను.