బాలకిషన్ చెప్పుకోలేని జబ్బు

అబిడ్స్‌లో ప్యాంటు గుడ్డల దుకాణం నడిపే బాలకిషన్‌కు సిగ్గంటే తెలియదనుకునేవారు అందరూ. గిరాకీల నడుము కొలతను వీధి చివరిదాకా వినబడేలా అరిచే మనిషి. అలాంటివాడు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలిన నాటి నుంచి గుసగుసల్లోకి దిగాడు. జబ్బుకు కాదు, అది వచ్చిన చోటుకు భయపడ్డాడు. గుండెకో కిడ్నీకో వచ్చుంటే ఊరంతా టాంటాం వేసుకునేవాడే.

ఊరికే గమనిస్తూ కూర్చునే రకం కాదన్నాడు డాక్టర్ గౌతమ్. ఆపరేషన్‌తో గ్రంథి తీసేయవచ్చు, లేదా రేడియేషన్ ఇవ్వవచ్చు.

"అంటే డాక్టర్ సాబ్... అటెన్క జర..." బాలకిషన్ ఫ్యాన్ వైపు చూస్తూ నీళ్లు నమిలాడు.

భార్య వసుమతి బడిలో సైన్స్ చెప్పి రిటైరైంది. "మగతనం ఉంటదా పోతదా అని అడుగుతున్నడు," అంది.

ఆపరేషనైతే వెంటనే, రేడియేషనైతే మెల్లగా దెబ్బతినొచ్చని, కొందరికి మళ్లీ వస్తుందని, మందులున్నాయని చెప్పాడు డాక్టర్. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు మూత్రం కారుతుందని కూడా అన్నాడు.

పక్క దుకాణంలో కళ్లద్దాలమ్మే వామన్‌రావును 'మా చుట్టపాయనకు' అంటూ సలహా అడిగాడు బాలకిషన్. "కత్తి పెట్టిన్రంటే మొగోడు ఖతం. గుమ్మడి గింజలు తినుమను," అన్నాడతను. బాలకిషన్ నెలరోజులు ఉడుతలా నమిలాడు. వసుమతికి ఒళ్లు మండింది.

"నీ కళ్లద్దాలు మార్పియ్యాలంటే క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి పోతవా?"

దాంతో ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. లోకానికి మాత్రం హెర్నియా అని చెప్పాడు. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ తన హెర్నియా కథ విప్పాడు. బాలకిషన్ డైపర్ మీద కూర్చుని అన్నిటికీ తలూపాడు.

మూత్రం ఆపుకున్నట్టు కండరాలు బిగబట్టే వ్యాయామం ఒకటి నేర్పారు. గల్లా దగ్గర అది చేస్తుంటే ముఖం ఎర్రబడేది. బేరమాడేవాళ్లు జడుసుకుని అడిగినంతా ఇచ్చి పోయేవారు.

కాస్త ధైర్యమొచ్చి డైపర్ లేకుండానే నాంపల్లిలో వ్యాపారుల మీటింగుకు వెళ్లాడు. మైకు పట్టుకోగానే తుమ్మొచ్చింది. బూడిదరంగు ప్యాంటు ముందంతా తడిసింది. ముందు వరసలో వామన్‌రావు కిసుక్కున నవ్వాడు. "ఏంది బాలకిషన్, హెర్నియాకు గిట్లయితదా?"

బాలకిషన్ మైకు వదల్లేదు. పాత గొంతు దానంతటదే లేచింది.

"హెర్నియా కాదురా! ప్రోస్టేట్ క్యాన్సర్! గ్రంథి తీసేసిన్రు, ఇంకా కారుతున్నది. ఎవలన్న అడిగేదుంటే అడుగున్రి!"

ఆటోలో ఇంటికొచ్చి, వసుమతి ఒడిలో తలపెట్టి ఏడ్చాడు.

మరుసటి వారం నుంచి దుకాణానికి కొత్త గిరాకీ మొదలైంది. పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి, రుమాలు గుడ్డ బేరమాడి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి తమ బాధ చెప్పుకునేవారు. వామన్‌రావు అందరి తర్వాత వచ్చాడు. "పొద్దంత పోతనే ఉన్న బాలకిషన్. ఆపుకోలేకపోతున్న."

నాలుక చివరిదాకా వచ్చిన ఎత్తిపొడుపును మింగడం బాలకిషన్‌కు ఆపరేషన్ కన్నా కష్టమైంది. చివరికి షట్టర్ సగం దించి, "నడువు డాక్టర్ దగ్గరికి, నేను గూడ వస్త," అంటూ చెప్పులేసుకున్నాడు.