వంకర టేపు

కారు కడిగిన రోజునే మరదలికి ఆ ఇంటి తలుపు మూసుకుపోయింది. కడిగింది నిజం కారైతే గొడవే లేదు. అది అరచేతిలో పట్టే లోహపు బొమ్మ.

ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా సాగే పందెంలో గెలిచిన కారుకి అచ్చు నకలది. బొమ్మ చేసినవాళ్ళు దాన్ని ముస్తాబు చేయలేదు. గెలుపు గీత దాటినప్పుడు ఎలా ఉందో అలాగే చేశారు. ముక్కు నిండా చచ్చిన పురుగుల మచ్చలు, చక్రాల పక్కన మసి, ఎడమ దీపం మీద అడ్డంగా వెండిరంగు టేపు.

అసలు కారుకి ఆ టేపు వేసింది ఇప్పుడీ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ముసలి మెకానిక్కే. పందెం మధ్యలో దీపం పగిలి కారు మరమ్మతుకి లోపలికొస్తే, వెనక నుంచి అందరూ త్వరగా, త్వరగా అని అరుస్తుంటే, పంటితో తెంపి అంటించాడు. హడావుడిలో వంకరగా పడింది. గెలుపు ఫొటోలో డ్రైవర్లున్నారు, యజమాని ఉన్నాడు, యజమాని కుక్క కూడా ఉంది. మెకానిక్ లేడు. బొమ్మ మీద మాత్రం ఆయన టేపు వంకరగానే ఉంది.

భార్య బతికున్నన్నాళ్ళూ ఇల్లంతా తుడిచేది. ఆ కారు దగ్గరికొచ్చేసరికి ఉఫ్ అని ఊది ఊరుకునేది. "మీ మురికి మీకే ఉంచాను" అనేది. ఆవిడ పోయాక ఊదే నోరు లేదు. పందెం మురికి మీద ఇంటి దుమ్ము పేరుకుంది. తుడిస్తే ఏది పోతుందోనని ఆయన దాన్ని ముట్టుకోలేదు.

భార్య చెల్లెలు వారం వారం వచ్చేది. ఆ ఇంటికొచ్చే మనిషి ఇంకెవరూ లేరు. వండి తెచ్చిన గిన్నె పొయ్యి మీద పెట్టి, చీపురు పట్టుకునేది. ఆ వారం ఆయన బజారుకెళ్ళి వచ్చేసరికి తడి చేతుల్లో కారు పట్టుకుని నిలబడి ఉంది.

"చూడు బావా! పెళ్ళికొడుకులా చేశాను."

పురుగుల మచ్చలు లేవు. ముక్కు నున్నగా మెరుస్తోంది.

"టేపేది?"

"ఏ టేపు?"

"దీపం మీద."

"ఓ, ఆ అంటుకున్న చెత్తా? గోటితో గీకితే ఊడొచ్చింది. పళ్ళ బ్రష్షు అరిగిపోయింది బావా, అంత మురికి!"

"ఎక్కడ పడేశావు?"

"నీళ్ళలో పోయింది. ఏం, అది బంగారమా?"

ఆయన పానా తెచ్చి, సింకు కింద వెల్లకిలా పడుకుని గొట్టం విప్పాడు. నల్లటి నీళ్ళు మొహాన పడ్డాయి. బురదలో వేలు పెట్టి కెలికాడు. దొరికింది, గోటి ముక్కంత.

"దొరికిందిగా! అంటించుకో. దీనికింత రాద్ధాంతమా?"

"తాళంచెవి అక్కడ పెట్టి వెళ్ళు."

"ఏంటీ?"

"వినపడిందిగా."

"బొమ్మ కారు కోసం నన్ను పొమ్మంటున్నావా? అక్కే ఉంటే..."

"మీ అక్క ఉంటే దాని జోలికి పోయేది కాదు."

"అక్క ఉంటే నేనెందుకొస్తాను బావా? తనకి మాటిచ్చాను కాబట్టి వస్తున్నా. నీ మొహం చూడ్డానికి ఎవరొస్తారు?"

తాళంచెవి బల్ల మీద విసిరికొట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయన టేపు ముక్క కడిగి, ఆరబెట్టి, జిగురు రాసి అంటించాడు. తిన్నగా పడింది. ఊడదీసి, కావాలని వంచి పెట్టాడు. వంకరగానే ఉంది కానీ అది వేషం. మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. వెనక నుంచి అరిచేవాళ్ళు లేరు.

పొయ్యి మీది గిన్నె మూత ఆయన తీయలేదు. ఎలా ఉందో అలాగే తీసుకెళ్ళి గుమ్మం బయట పెట్టాడు, దాని కోసమైనా ఆవిడ బెల్లు కొట్టకుండా.

వారం తిరిగేసరికి గిన్నె అక్కడ లేదు. బెల్లు మోగలేదు. ఆవిడ వచ్చే పూటంతా ఆయన తలుపు వైపు తిరిగి కూర్చుని, తప్పు ఆవిడదేనని మరోసారి తేల్చుకున్నాడు.